లెక్క చెప్పడం, లెక్క చేయడం

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూచున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక్క నెంబరు తగ్గించండి నాయనా, నా గొంతు దాన్ని దాటి రాదు. ఆఁ, చాలు.

నన్ను 'రాజకీయాల్లో నైతిక బాధ్యత' గురించి మాట్లాడమన్నారు. పిలవడానికి ఇంటికొచ్చిన కుర్రాళ్లని అడిగాను, దీనికి నేనెందుకయ్యా అని. నేను ఏనాడూ వార్డు మెంబరుగా కూడా నిలబడలేదు. ముప్పయ్యేళ్లు పంచాయతీల లెక్కలు చూసి ఇంటికొచ్చిన మనిషిని. "అందుకే సార్" అన్నారు. ఆ 'అందుకే' నా బుర్రలో రెండు రోజులు తిరిగింది.

మా ఆడిట్ వాళ్లకి తెలిసిన మాట ఒకటే, లెక్క. తెలుగులో ఈ మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. సంతకి వెళ్లొచ్చిన కొడుకు తండ్రికి లెక్క చెప్తాడు. ఆ కొడుకే మాట వినకపోతే తండ్రి ఏమంటాడు? "వీడు నన్ను లెక్కచెయ్యటం లేదు" అంటాడు. పొగరుగా మాట్లాడితే "ఎంత లెక్కలేనితనం" అంటాం. డబ్బు ఎంత ఖర్చయిందో చెప్పడమూ లెక్కే, ఎదుటివాణ్ణి మనిషిగా చూడటమూ లెక్కే. ఈ రెండిటికీ ఒకే మాట ఎందుకొచ్చిందో పండితులు చెప్పాలి. అనుభవం మీద నాకు తెలిసింది మాత్రం ఇది. నీకు ఎవడు లెక్క చెప్పడో, వాడు నిన్ను లెక్కచెయ్యటం లేదు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దానికి ఓచర్లు. బస్సు టైము ఉన్నవాళ్లు మొహమాటపడకుండా లేచి వెళ్లిపోవచ్చు.

సరే. నైతిక బాధ్యత అనగానే మనకి గుర్తొచ్చేది రాజీనామా. రాజీనామా అనగానే లాల్ బహదూర్ శాస్త్రి. చిన్నప్పుడు అందరం విన్నదే, కానీ సగం విన్నాం. 1956లో ఆయన రైల్వే మంత్రి. ఆ సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా పోయారు. ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూ తీసుకోలేదు. నవంబరులో అరియలూరు దగ్గర, ఇప్పటి తమిళనాడులో, ఇంకో రైలు. మళ్లీ వందమందికి పైగా. మళ్లీ రాజీనామా. ఈసారి తీసుకున్నారు. తీసుకుంటూ నెహ్రూ పార్లమెంటులో ఏం చెప్పారన్నది మనం మర్చిపోయిన సగం. ప్రమాదానికి ఈయన కారకుడని దీన్ని ఒప్పుకోవటం లేదు, రాజ్యాంగ మర్యాదకి ఇదొక ఉదాహరణగా ఉండాలని ఒప్పుకుంటున్నాను అన్న అర్థంలో చెప్పారు. తప్పు వేరు, పూచీ వేరు అన్నమాట. పట్టాల మీద నీళ్లు వచ్చినప్పుడు మంత్రి అక్కడ లేడు. కానీ రైలు ఆయన పూచీ మీద నడుస్తోంది.

మనకి రైలు ప్రమాదాలు పుస్తకంలో చదువుకునేవి కావు. 2017 జనవరిలో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, నలభై మంది దాకా పోయారు. 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి, కంటకాపల్లి దగ్గర ముందు వెళ్తున్న పలాస పాసింజరుని వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. ఆ పలాస పాసింజరు ఎవరు ఎక్కుతారండీ? విశాఖలో పని చూసుకుని ఇంటికొచ్చే మనవాళ్లు. ఈ హాల్లోనే ఆ బండి ఎక్కనివాళ్లు ఉన్నారా? ఆ రాత్రి ఎవరికి ఫోను చెయ్యాలో తెలీక ఎన్ని ఇళ్లలో టెన్షన్ పడ్డారో మీకే తెలుసు.

ఇలాంటప్పుడు మంత్రి రాజీనామా చెయ్యాలా వద్దా అని టీవీల్లో రెండు రోజులు కేకలేసుకుంటారు. నా అభిప్రాయం మీలో కొందరికి నచ్చకపోవచ్చు. రాజీనామాని మనం మరీ నెత్తిన పెట్టుకున్నాం. శాస్త్రిగారిది పెద్ద మనసు, అందులో అనుమానం లేదు. కానీ క్యాష్‌బుక్కు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతే ఆడిట్ అయిపోతుందా? "పాత కార్యదర్శి బదిలీ అయిపోయాడు సార్." ఈ మాట నా సర్వీసులో ఎన్ని వందల సార్లు విన్నానో. వెళ్లిపోయినవాణ్ణి అడగలేం, వచ్చినవాడికి తెలీదు. ఇద్దరి మధ్యా లెక్క చచ్చిపోతుంది. నిలబడి, జనం ఎదురుగా, ఇదిగో ఇది జరిగింది, ఇది నేను చూడలేదు, ఇది నేను చూసి కూడా ఊరుకున్నాను అని చెప్పడం ఉంది చూశారూ, అది రాజీనామా కంటే కష్టం. అది చేసిన మంత్రిని నేను చూడలేదు. మీరెవరైనా చూస్తే తర్వాత చెప్పండి.

ఒక్క పక్క మాట. రైలు ప్రమాదాల మీద విచారణ చేసే రైల్వే భద్రత కమిషనర్లు ఎవరి కింద పనిచేస్తారో తెలుసా? రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద. విమానాలకీ రైలు పట్టాలకీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. ఎవడి లెక్క వాడే చూసుకోకూడదు, అదీ సంబంధం. మా ఆడిట్ వాళ్లకి ఇలాంటివి చూస్తే ముచ్చటేస్తుంది. ఆ విమానయాన శాఖ ఇప్పుడు ఏ ఊరి ఎంపీ చేతిలో ఉందో శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు పెద్దవాళ్లని వదిలేసి ఒక సర్పంచి దగ్గరికి వెళ్దాం. ఊరి పేరు చెప్పను, వంశధార అవతల అనుకోండి. తొంభైల్లో మాట. నేను ఇంటిపన్ను రసీదులు చూస్తున్నాను. రసీదులు కోశారు, డబ్బు ట్రెజరీకి వెళ్లలేదు. పదకొండు వేల చిల్లర. వసూలు చేసిన గుమస్తా అప్పటికే బరంపురం వైపు చుట్టాల ఇంటికి చెక్కేశాడు. ప్రతి రసీదు మీదా వాడి సంతకమే. సర్పంచి ముసలాయన, సంతకం తప్ప చదువు లేదు. ఆయన మీద ఏ అభ్యంతరమూ రాయడానికి లేదు. నేను గుమస్తా మీద రికవరీ రాసుకుంటున్నాను. నాలుగో రోజు ఆయన ట్రెజరీ చలానా తెచ్చి నా ముందు పెట్టాడు. మొత్తం కట్టేశాడు. పాడిగేదెని అమ్మాడట.

మీరు కట్టక్కర్లేదండీ, సంతకాలు మీవి కావు అన్నాను. ఆయనేమన్నాడో ఇప్పటికీ చెవిలో ఉంది. "సంతకం ఆడిది బాబూ. కానీ జనం కట్టింది నా మొగం సూసి."

శాస్త్రిగారి రాజీనామా గురించి నెహ్రూ పార్లమెంటులో చెప్పిందంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది గానీ, ఆపను. ఆయన కట్టిన డబ్బు నాకు తలనొప్పి అయింది. పన్ను కాదు, జరిమానా కాదు, విరాళమూ కాదు. ఏ పద్దులో చూపించాలి? మా పై అధికారిని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే "ఇతర జమలు అని రాసెయ్యవయ్యా" అన్నారు. రాశాను. మన ప్రభుత్వ పుస్తకాల్లో నైతిక బాధ్యతకి ఉన్న పద్దు నాకు తెలిసి అదొక్కటే, ఇతర జమలు. నవ్వకండి, నిజం. ఇంకొకటి, ఆ సర్పంచి తర్వాతి ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డాడు. గెలిచాడనుకుంటున్నారు కదూ? ఓడిపోయాడు.

ఎందుకు ఓడిపోయాడు అంటే మన దగ్గరికి రావాలి. మన దగ్గరికే వద్దాం.

మొన్నటి ఎన్నికలప్పుడు, పోలింగుకి రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిదిన్నరకి ఒక కుర్రాడు మా గుమ్మంలోకి వచ్చాడు. ఏ పార్టీయో చెప్పను. చెప్పినా మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. చేతిలో ఓటర్ల జాబితా, చిన్న నోటుబుక్కు. మా వీధివాడే, నన్ను మావయ్యా అంటాడు. "మీ ఇంట్లో నాలుగు ఓట్లు కదా మావయ్యా" అన్నాడు. మా ఆవిడ లోపల్నించి "మూడేరా, పెద్దాడు హైదరాబాదు నించి రావటం లేదు" అంది. జనాభా లెక్కలవాళ్లు వచ్చారనుకుని అలవాటుగా అనేసింది, పాపం. వాడు వెంటనే పుస్తకంలో నాలుగు కొట్టేసి మూడు వేశాడు. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాడు. నేను ఊరుకోలేక ఆ పుస్తకం అడిగి చూశాను. ఏం పుస్తకం అండీ అది! ఇంటి నెంబరు, మొత్తం ఓట్లు, వచ్చేవి, రానివి, ఇచ్చింది, చేతిలో మిగిలింది. ప్రతి పేజీ కిందా కూడిక. ఆ కూడిక పక్క పేజీ మొదట్లోకి తెచ్చి రాశాడు. ముప్పయ్యేళ్లలో ఒక్క పంచాయతీ క్యాష్‌బుక్కు అంత శుభ్రంగా చూడలేదు నేను.

మాకొద్దు నాన్నా అన్నాను. వాడి మొహం పాలిపోయింది. "అలాగనకండి మావయ్యా, మీరు తీసుకోకపోతే నేను నొక్కేశానంటారు. పొద్దున్నే లెక్క అప్పజెప్పాలి" అన్నాడు. చివరికి మా ఇంటి నెంబరు ఎదురుగా 'వద్దన్నారు' అని రాసి నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. మర్నాడు పొద్దున్న పక్క వీధిలో గోల. ఏమిటా అంటే, వాళ్లకి అందలేదట. అందినవాళ్లు ఆగలేదు, అందనివాళ్లు ఊరుకోలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు తప్పు చేస్తున్నాడని కాదు, అది మనకి అలవాటైపోయింది. వాడు అంత నిజాయితీగా లెక్క ఎవరికి చెప్తున్నాడు? డబ్బు ఎవరిదో వాళ్లకి. అంతే కదా సూత్రం? డబ్బు ఎవరిదైతే లెక్క వాళ్లకి. మరి గెలిచాక కోట్లు ఖర్చుపెట్టేది మన డబ్బు. ఆ లెక్క మనకి రావాలి. ఎందుకు రావటం లేదు? ఆ రాత్రే చెల్లు రాసేశాం కాబట్టి. కవరు పుచ్చుకున్నాక ఖాతా మూసినట్టే. ఇంక రోడ్డు ఏదీ అని ఎవడు అడుగుతాడు? "తీసుకోలేదేటి?" అంటాడు వాడు. నిజమే కదా, ఏం చెప్తాం?

ఓటుకి డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. పాత శిక్షాస్మృతిలో ఉంది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలోనూ ఉంది. ఏడాది దాకా జైలు. ఈ హాలుకి జైలు సరిపోదులెండి. చట్టం సంగతి అదీ. సుప్రీంకోర్టు పట్టుబట్టబట్టి ఇరవై ఏళ్ల పైనుంచి అభ్యర్థులు తమ ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో రాసి ఇస్తున్నారు. అది కూడా లెక్కే, మనకి చెప్పిన లెక్క. మీ అభ్యర్థి అఫిడవిట్ చదివినవాళ్లు చేతులెత్తండి, చూద్దాం. నాలుగు చేతులు. అందులో ఇద్దరు విలేకరులు, వాళ్ల ఉద్యోగం అది.

చట్టం వల్ల కాదు అని నేను అనటం లేదు. చట్టం ఒక్కదాని వల్ల కాదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, మద్యనిషేధం గొడవ మీద. గెలిచాక పార్టీ మారేవాళ్లని ఆపే ఫిరాయింపుల చట్టం అప్పటికి లేదు. 1985లో వచ్చింది. మూడోవంతు మంది కలిసి చీలితే పరవాలేదని అందులో సందు ఉంచారు, 2003లో ఆ సందు మూశారు. ఇవాళ ఆ చట్టం ఉన్నా కండువాలు మారుతున్నాయా లేదా? అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు, రాజ్యాంగ నైతికత పుట్టుకతో వచ్చే గుణం కాదు, పెంచుకోవాల్సింది అని. మన భాషలో చెప్పాలంటే అది వరి, తుంగ కాదు. తుంగ దానంతటది వస్తుంది.

ఇదంతా పార్టీలవాళ్ల సంగతి, మన ఉద్యోగస్తులకేం అనుకోకండి. 2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను. ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు, ఆ రాత్రి గురించి వాళ్లకి నేను చెప్పేదేముంది. తర్వాత పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టడానికి మనుషుల్ని వేశారు. నా స్నేహితుడొకడు వెళ్లాడు. ఒక తోటలో రైతు భుజం మీద తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక నడుస్తున్నాడట, ఏమీ మాట్లాడకుండా. పడిన చెట్లు లెక్క తేలికే, కళ్ల ముందు ఉన్నాయి. ఒక చెట్టు దగ్గర రైతు ఆగిపోయాడు. చెట్టు నిలబడే ఉంది. మొవ్వు మెలితిరిగిపోయింది. నాలుగైదు నెలల్లో చచ్చిపోతుందని రైతుకి తెలుసు, మావాడికీ తెలుసు. మరి ఇది పడిన చెట్టా, నిలబడిన చెట్టా? ఫారంలో రెండే గళ్లున్నాయి.

మావాడు పడినదానిలో వేశాడు. ఆ పక్క తోటలో, పెద్దమనిషి తోటలో, చెక్కుచెదరని చెట్లని కూడా వేసుకోమన్నారు. వెయ్యనన్నాడు. "అక్కడ వేసి ఇక్కడ వెయ్యవా?" అని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. రెండూ అబద్ధమే, కాగితం మీద. మావాడు నన్ను ఫోన్లో అడిగాడు, నేను చేసింది తప్పా అని. నేను ఆడిటర్ని కదా, తప్పే అని చెప్పాలి. చెప్పలేదు. "ఆ చెట్టు ఫోటో తీసి పెట్టుకో, ఎందుకు వేశావో వెనక రాసిపెట్టుకో. ఎవరైనా అడిగితే చెప్పగలవా లేదా అన్నదే చూసుకో" అన్నాను. మొదటి చెట్టు సంగతి మావాడు నలుగురిలో చెప్పగలడు. రెండో తోట సంగతి ఎవడూ నలుగురిలో చెప్పలేడు. నాకు తెలిసిన తేడా అదీ. ఇంతకన్నా బాగా చెప్పగలిగేవాళ్లు ఉంటే వినడానికి సిద్ధం.

టైమెంతయింది? పది నిమిషాలుందా? సరే. ఇంతసేపూ ఊళ్లోవాళ్ల లెక్కలు చెప్పాను. నాది ఒకటి ఉంది.

రిటైరవడానికి రెండేళ్ల ముందు ఒక పంచాయతీ రికార్డు నా దగ్గరికి వచ్చింది. వాగు మీద కల్వర్టు, నాలుగు లక్షల పైచిలుకు. ఎం.బుక్కులో, అంటే ఇంజినీరు పని కొలతలు రాసే పుస్తకంలో, పొడవు, వెడల్పు, లోతు, అన్నీ ఉన్నాయి. ఇంజినీరు సంతకం ఉంది, ఓచరు ఉంది, తీర్మానం ఉంది. కాగితంలో లోపం లేదు. మా పని కాగితం చూడటం. వెళ్లి చూడమని ఏ రూలూ లేదు. ఆ ఊరు పదకొండు కిలోమీటర్లు, ఎండ మండిపోతోంది. అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాను.

2019లో ఒక పెళ్లికి ఆ దారిన వెళ్తున్నాను. బస్సు సర్రున వాగులోకి దిగింది. నీళ్లు టైర్లదాకా ఉన్నాయి. ఇక్కడ కల్వర్టు ఉండాలే అన్నాను, పక్కనున్నాయనతో. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పెళ్లిలో ఏం తిన్నానో తెలీదు.

తర్వాత ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. అయిదేళ్లు నోరుమూసుకున్నాను. నాకు రావాల్సిన పెన్షను వస్తోంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి జవాబు కూడా ఉంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి అని. ఇందాక ఆ సర్పంచి మాట చెప్పాను చూశారూ, నా విషయంలో సంతకం కూడా నాదే. అమ్ముకోవడానికి గేదె ఒక్కటే లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, గుర్తుందా? ఆ రోజు వెళ్లాను. ఆగస్టు కదా, వాగు నిండుగా ఉంది. బస్సు ఇవతలే ఆపేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఒక కుర్రాడి భుజం పట్టుకుని దాటాను. బడి వరండాలో సభ. ఉపాధి పనులు చదువుతున్నారు. నేను ఆ ఊరివాణ్ణి కాను, మాట్లాడే హక్కు నాకు లేదు. సర్పంచి అమ్మాయి ఒప్పుకుంది. లేచి చెప్పాను. ఈ వాగు మీద కల్వర్టు ఉందని నేను సంతకం పెట్టానమ్మా, వచ్చి చూడకుండా పెట్టాను అని.

తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఒక ముసలామె, ముందు వరసలో కాళ్లు జాపుకుని కూచుంది, "కల్వట్టు లేదని మాకు తెల్దేటి బాబూ, రోజూ దిగి దాటతన్నాం. కాయితంలో ఉందని తెల్దు" అంది. వెనక నుంచి ఎవరో "ఎంతకి రాసినారు?" అని అడిగారు. చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నా మాట తీర్మానాల పుస్తకంలో రాయమన్నాను. కార్యదర్శి చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. "ఎజెండాలో లేదు సార్" అన్నాడు. ముసలామె "రాయి బాబూ" అంది. రాశాడు. సభ అయ్యాక పుస్తకం చూపించమన్నాను. రెండు లైన్లు, పెన్సిల్‌తో. పెన్సిల్‌తో రాసినదాన్ని ఆడిట్‌లో చూడరు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను. "పైవాళ్లని అడిగి రాస్తాను సార్" అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి, కొంచెం మాశాయి. పెన్ను ఇంకా అతని దగ్గరే ఉంది. మళ్లీ సభ ఉన్నప్పుడు ఫోను చేస్తానన్నాడు, నన్ను వాగు దాటించిన కుర్రాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ మైకు అటు వెనక్కి ఇవ్వండి, ఆమె ఇందాకట్నించి చెయ్యెత్తి ఉన్నారు.